ముద్ద దిగట్లేదా? ప్రతిసారీ 'గ్యాస్' అనేసి వదిలేయకండి

భోజనాల దగ్గర ఇలాంటి మనిషి ఒకరు మీకు తెలిసే ఉంటారు. అందరూ చేతులు కడుక్కుని ఫోన్లు పట్టుకున్నా తను మాత్రం ఇంకా సగం కంచం దగ్గరే ఉంటాడు. రెండు ముద్దలకోసారి గుటకేసి నీళ్లు. చపాతీ అయితే కూరలో నానబెట్టి మరీ తింటాడు. మటన్ ముక్క వస్తే పక్కకి నెట్టేసి 'నాకంత ఇష్టం ఉండదులే' అంటాడు. పెద్ద మాత్ర ఇస్తే విరగ్గొట్టుకుంటాడు. 'నువ్వు తినేసరికి సినిమాలో ఇంటర్వెల్ కూడా అయిపోద్దిరా' అని ఫ్రెండ్స్ ఆట పట్టిస్తారు. వాళ్లమ్మేమో 'చిన్నప్పట్నుంచీ వాడంతే, తిండి దగ్గర నిదానం' అని వెనకేసుకొస్తుంది.

అది నిదానం కాకపోవచ్చు. మెతుకు దిగే దారే ఇరుకైపోయి ఉండొచ్చు.

ఆ ఇరుకుకి ఉన్న కారణాల్లో ఒకటి ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్. పేరు నోరు తిరగదు కాబట్టి డాక్టర్లు కూడా పొట్టిగా ఈఓఈ అనేస్తారు. మనమూ అలాగే అనుకుందాం. అన్నవాహికకి వచ్చే అలర్జీ తరహా జబ్బు ఇది. పసిపిల్లలకీ రావచ్చు, పెద్దవాళ్లకీ రావచ్చు. కానీ ఎక్కువగా పట్టుకునేది కుర్రవయసు వాళ్లనీ, ముప్ఫైలు నలభైల్లో ఉన్నవాళ్లనీ. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో దాదాపు 3 రెట్లు ఎక్కువ. ఆస్తమా, ఎగ్జిమా, పొద్దున లేవగానే ఆగకుండా తుమ్ములు... ఇలాంటివి ఉన్నవాళ్లలో మరీను.

'ఇస్నోఫీలియా' చుట్టమే

తెలుగిళ్లలో 'ఇస్నోఫీలియా' అన్న మాట వినని పెద్దవాళ్లు తక్కువ. దగ్గు, ఆయాసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించడం, 'ఒంట్లో ఇస్నోఫీలియా ఉందట' అని చెప్పుకోవడం మామూలే. అందులో ఎక్కువయ్యేవి ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. పేగుల్లో చేరే పురుగుల మీద పోరాటం వీటి పాత డ్యూటీ. అలర్జీ ఎక్కడుంటే అక్కడికీ పరిగెత్తుతాయి.

కడుపులో, పేగుల్లో ఇవి కొన్ని ఉండటం సహజమే. అన్నవాహిక గోడలో మాత్రం వీటికి పనిలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి అన్నవాహికలో వెతికితే ఇవి కనిపించవు. ఈఓఈ ఉన్నవాళ్లలో మాత్రం గుంపులుగా వచ్చి తిష్ఠ వేస్తాయి. పాలు, గోధుమ లాంటి రోజూ తినే తిండిలోని ప్రొటీన్‌నే శరీరం శత్రువు కింద లెక్కేయడం దీనికి మూలం. ఈ కణాలు వదిలే రసాయనాలతో లోపలి పొర వాస్తుంది. ఆ వాపు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే పొర కింద మచ్చలాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. రబ్బరులా సాగాల్సిన గొట్టం పాత పైపులా బిగుసుకుంటుంది.

కొలతల్లో చెప్పుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద దిగేటప్పుడు ఇది 2 సెంటీమీటర్ల వెడల్పు దాకా హాయిగా సాగుతుంది. లోపలి దారి 13 మిల్లీమీటర్లకంటే తగ్గిందంటే మాత్రం గట్టి ఆహారం ఇరుక్కోవడం మొదలవుతుంది. అంటే చిటికెన వేలు పట్టేంత సందులోంచి మటన్ ముక్క దిగాలన్నమాట.

ఈ జబ్బుని గుర్తించి పేరు పెట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. అన్నవాహికలో ఈ కణాలు కనబడ్డ సంగతి 1970ల్లోనే రాశారు గానీ, ఇదొక విడి జబ్బు అని గట్టిగా చెప్పింది 1993లో. స్టీఫెన్ ఆట్‌వుడ్ అనే సర్జన్, ఆయన సహచరులు కలిసి, మింగడం కష్టమైన 12 మంది రోగుల వివరాలు ప్రచురించారు. యాసిడ్ సమస్య లేదు, అన్నవాహిక నిండా ఇసినోఫిల్స్. మరుసటి ఏడాదే స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రామన్ బృందం ఇలాంటివే 10 కేసులు రాసింది. అంటే ఈ జబ్బుకి గుర్తింపు వచ్చి 30 ఏళ్ల పైచిలుకే. అంతకుముందు చదువుకుని ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లు దీన్ని కాలేజీ పాఠాల్లో చదివి ఉండరు. మనకి 'గ్యాస్' అని చెప్పి పంపితే అందులో ఆశ్చర్యమేముంది!

సర్దుకుపోవడమే అసలు చిక్కు

ఈ జబ్బు దొరక్కపోవడానికి డాక్టర్ల కంటే ఎక్కువ కారణం రోగే అంటే కోపం తెచ్చుకోకండి. మనిషి శరీరం భలే సర్దుకుపోతుంది. దారి కొద్దికొద్దిగా ఇరుకవుతుంటే మనం కూడా కొద్దికొద్దిగా తినే పద్ధతి మార్చేసుకుంటాం. నమలడం పెరుగుతుంది. గ్లాసు నీళ్లు చెంబు నీళ్లవుతాయి. ముక్కలు, చపాతీలు తగ్గి పెరుగన్నం, సాంబారన్నం పెరుగుతాయి. పెళ్లి భోజనాల్లో 'ఆకలి లేదు' అని చెప్పడం అలవాటవుతుంది. ఇవన్నీ జరిగేసరికి మనకే తెలీదు, మనం మామూలుగా తినడం లేదని.

అందుకే డాక్టరు 'మింగడానికి ఇబ్బందిగా ఉందా?' అని అడిగితే 'అబ్బే, లేదండీ' అనేస్తారు. అబద్ధం కాదు, నిజంగానే ఇబ్బంది లేదు, ఎందుకంటే ఇబ్బంది పెట్టేవన్నీ ఎప్పుడో మానేశారు. ఈ జబ్బుతో తలపండిన నిపుణులు ఆ ప్రశ్న పక్కన పెట్టి వేరేవి అడుగుతారు. భోజనానికి ఎంతసేపు పడుతుంది? ముద్దముద్దకీ నీళ్లు తాగుతారా? గ్రేవీలో నానబెట్టో, సన్నగా తుంచుకునో తింటారా? గట్టివి, పీచు ఉన్నవి పక్కన పెడతారా? అందరికంటే ఎక్కువసేపు నములుతారా? మాత్రలంటే భయమా? ఈ ఆరింటిలో మూడు నాలుగింటికి మీ జవాబు 'అవును' అయితే ఈ కథనం మీకోసమే.

మరి పట్టించుకోకపోతే ఏమవుతుంది? స్విట్జర్లాండ్‌లోనే 200 మంది రోగుల రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. మొదటి లక్షణం నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటు రోగికి పట్టిన కాలం 6 ఏళ్లు. రెండేళ్ల లోపు తెలిసినవాళ్లలో అన్నవాహిక ఇరుకైనవారు 17 శాతం ఉంటే, 20 ఏళ్లు దాటాక తెలిసినవాళ్లలో 71 శాతం ఉన్నారు. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా ఆలస్యానిదే. వాపు దశలో ఉన్నప్పుడు మందుకి తేలిగ్గా లొంగేది, మచ్చ కట్టాక మొండికేస్తుంది.

చిన్నపిల్లల్లో కథ వేరు. వాళ్లు 'ముద్ద అడ్డుపడుతోంది' అని చెప్పలేరు. అన్నం పెడితే మొహం తిప్పుకుంటారు, వాంతులు చేసుకుంటారు, కడుపునొప్పంటారు, బరువు పెరగరు. బుగ్గలో ముద్ద పెట్టుకుని గంటసేపు కూర్చునే పిల్లలందరికీ ఈ జబ్బు ఉందని కాదు గానీ, తిట్టి కొట్టి తినిపించే ముందు ఒకసారి ఆలోచించడం మంచిది.

ముక్క ఇరుక్కుంటే...

చాలామందికి జబ్బు బయటపడేది ఒక్కసారిగా. బిర్యానీలో పెద్ద ముక్క, తొందరగా మింగిన పరోటా... ఛాతీ మధ్యలో ఆగిపోతుంది. పైకి రాదు, కిందికి పోదు.

ఇక్కడ రెండింటిని కలిపేయకండి. మనం 'పొలమారింది' అంటామే, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతామే, అది మెతుకో నీళ్లో శ్వాసనాళం వైపు పోతే వచ్చేది. అక్కడ పెద్ద ముక్క అడ్డుపడితే మాట రాదు, ఊపిరాడదు, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. వెనక నుంచి వీపు మీద గట్టిగా చరచడం, కడుపు పైభాగంలో లోపలికీ పైకీ నొక్కడం లాంటి ప్రథమ చికిత్స దానికే. అన్నవాహికలో ఇరుక్కుంటే వేరు. ఊపిరి ఆడుతుంది, మాటా వస్తుంది. కానీ ఛాతీలో బిగపట్టినట్టు ఉంటుంది, ఏదీ మింగలేరు, ఒక్కోసారి సొంత లాలాజలం కూడా దిగక నోట్లోంచి కారుతుంటుంది.

అప్పుడు ఇంట్లో ఏం చేస్తారో మీకూ తెలుసు. చేపముల్లు గుచ్చుకుంటే చెప్పే చిట్కానే ఇక్కడా చెబుతారు. 'ఒక పెద్ద అన్నం ముద్ద మింగు, అదే తోసుకుపోద్ది.' లేదంటే అరటిపండు. వద్దు. ఇరుకు సందులో ఇరుక్కున్న ఆటో వెనకాల లారీని పంపినట్టు ఉంటుంది. వేళ్లు పెట్టి కక్కే ప్రయత్నమూ వద్దు, పెళుసుగా ఉన్న గోడ చిరిగే ప్రమాదం ఉంది.

ఇంకో ప్రఖ్యాత చిట్కా కూల్‌డ్రింక్. గ్యాస్ పొంగి ముక్కని తోసేస్తుందని ప్రపంచమంతా నమ్మకం. నెదర్లాండ్స్ డాక్టర్లు దీన్ని సరదాగా కాదు, సీరియస్‌గానే పరీక్షించారు. ఆహారం ఇరుక్కుని ఆస్పత్రికి వచ్చిన 51 మందిలో కొందరికి కోలా ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. రెండు గుంపుల్లోనూ 61 శాతం మందికి సమస్య తీరింది. అంటే కోలా మహిమ ఏమీ లేదు, తీరేవాళ్లకి దానంతటదే తీరుతోంది. ఈ ఫలితాలు 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

లాలాజలం కూడా మింగలేకపోతున్నారంటే తెల్లారేదాకా ఆగకుండా ఎండోస్కోపీ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. కాసేపటికి దిగిపోయినా సరే, కథ అయిపోలేదు. చాలామంది ఇక్కడే తప్పించుకుంటారు. ముక్క దిగిపోయింది కదా అని ఇంటికెళ్లి పడుకుంటారు. ఆస్పత్రిలో తీసేసినా ఒక్కోసారి ఆ రాత్రి హడావుడిలో బయాప్సీ తీయరు. అమెరికా, యూరప్‌లలో ఇలా ఆహారం ఇరుక్కుని ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో కనిపించే ప్రధాన కారణాల్లో ఈఓఈ ముందుంటుంది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకి ఈ మాట ముఖ్యం. ముక్క తీసేశాక 'బయాప్సీ తీశారా?' అని ఒక్క ప్రశ్న అడగండి. తీయకపోతే మరో అపాయింట్‌మెంట్ తీసుకోండి.

అసలు పరీక్ష ఒక్కటే

రక్తపరీక్షలో తేలదా? తేలదు. సీబీపీలో ఇసినోఫిల్స్ కొద్దిగా పెరిగి ఉండొచ్చు, పెరక్కపోయినా జబ్బు ఉండొచ్చు. మన దగ్గర ఆస్తమాకీ, నులిపురుగులకీ కూడా ఇవి పెరుగుతాయి కాబట్టి ఆ అంకెని పట్టుకుని ఏమీ చెప్పలేం. చర్మం మీద గుచ్చి చూసే అలర్జీ పరీక్షలు, వంద రకాల తిండ్లకి ఒకేసారి రిపోర్టు ఇస్తామనే ఖరీదైన ప్యాకేజీలు కూడా ఈ జబ్బులో దారి చూపవు. రొయ్య తినగానే పెదాలు వాచే అలర్జీ ఒక రకం, నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది మరో రకం. ఇవాళ తాగిన పాలకి గొంతు రోజులు, వారాల తర్వాత సమాధానం చెబుతుంది. ఆ రిపోర్టు చూసి పది రకాల తిండ్లు మానేసిన మనిషి బక్కచిక్కిపోతాడేమో గానీ అన్నవాహిక మాత్రం అలాగే ఉంటుంది.

తేల్చేది ఎండోస్కోపీ, దాంతోపాటు బయాప్సీ. కెమెరా లోపలికి వెళ్లాక అనుభవం ఉన్న కన్నుకి కొన్ని గుర్తులు కనబడతాయి. గోడ చుట్టూ గాజులు తొడిగినట్టు వలయాలు. నిలువునా నాగలి చాలు లాంటి గాట్లు. ఫంగస్ ఏమో అనిపించే తెల్లటి చుక్కలు. వాపు, ఇరుకు. అయితే కొందరిలో పైకి అంతా శుభ్రంగానే ఉంటుంది. అందుకే 'చూశాం, బానే ఉంది' అన్న మాటతో ఆగకూడదు. ఈ కణాలు ఒకచోట కుప్పగా, మరోచోట పలచగా ఉంటాయి కాబట్టి కనీసం రెండు చోట్ల నుంచి, మొత్తం కనీసం 6 చిన్న ముక్కలు తీయాలన్నది నియమం. ఒక్కో ముక్క గింజంత. తీసినప్పుడు నొప్పి తెలీదు.

ఆ ముక్కల్ని పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెడతాడు. బాగా దగ్గరకి తెచ్చి చూసినప్పుడు కనబడే ఒక్క వలయంలో 15 లేదా అంతకంటే ఎక్కువ ఇసినోఫిల్స్ ఉంటే, మింగడంలో ఇబ్బందులూ ఉంటే, వేరే కారణాలు లేవని తేలితే అప్పుడు ఈఓఈ అంటారు. మీ రిపోర్టులో ఆ లెక్క రాశారో లేదో చూసుకోండి. 'కొన్ని ఇసినోఫిల్స్ ఉన్నాయి' అని రాస్తే ఆ మాట వైద్యానికి పనికిరాదు.

ఇక్కడే మన మెడికల్ షాపు వైద్యం ఒక చిక్కు తెస్తుంది. మంటగా ఉందని పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు నెలల తరబడి సొంతంగా వేసుకునేవాళ్లు ఇంటికొకరు. ఈ మాత్రలు ఈఓఈని కూడా కొందరిలో అణచిపెడతాయి. అవి వేసుకుంటూ ఎండోస్కోపీకి వెళితే కణాల లెక్క తక్కువ వచ్చి, జబ్బు లేనట్టు కనిపించొచ్చు. కాబట్టి ఏయే మాత్రలు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో డాక్టరుకి ముందే చెప్పేయండి. ఆపాలా, ఎన్ని వారాల ముందు ఆపాలన్నది ఆయన నిర్ణయిస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముద్ద దిగని ప్రతివాళ్లకీ ఈఓఈ ఉండదు. యాసిడ్ పైకి తన్నడం దీనికంటే చాలా ఎక్కువమందిలో ఉంటుంది. రక్తం బాగా తక్కువున్న ఆడవాళ్లలో అన్నవాహిక పైభాగాన పల్చటి పొర అడ్డుగా ఏర్పడుతుంది, ఐరన్ లోపం దీనికి మూలం. నీళ్లు కూడా దిగకపోతే కండరాల సమస్య కావచ్చు. నడివయసు దాటాక కొత్తగా మొదలై, వారం వారం ముదురుతూ, బరువు తగ్గిపోతుంటే క్యాన్సర్ కాదని ముందు తేల్చుకోవాలి. వీటన్నిటికీ దారి తీసేది అదే ఎండోస్కోపీ.

మందు, పథ్యం, బెలూన్

జబ్బు అని తేలాక దార్లు మూడు.

మొదటి మందు మీకు పాతదే, ఆ గ్యాస్ మాత్రే. కాకపోతే ఇష్టం వచ్చినప్పుడు ఒకటి కాదు, డాక్టరు చెప్పిన మోతాదులో 8 నుంచి 12 వారాలు క్రమం తప్పకుండా. యాసిడ్‌ని తగ్గించడమే కాదు, ఇసినోఫిల్స్‌ని అన్నవాహిక వైపు పిలిచే రసాయన సంకేతాన్ని కూడా ఇవి తగ్గిస్తాయి. సగానికి కాస్త అటూఇటుగా మందికి పనిచేస్తాయి. ఒకప్పుడు ఈ మాత్రలకి తగ్గితే అది ఈఓఈ కాదు అనేవాళ్లు. 2018లో నిపుణులు ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ఇది పరీక్ష కాదు, వైద్యం.

రెండోది స్టెరాయిడ్. ఆ మాట వినగానే బెదిరిపోకండి. ఇక్కడ వాడేది ఒళ్లంతా పాకే రకం కాదు, గోడకి పూత లాంటిది. ఆస్తమా వాళ్ల ఇన్‌హేలర్‌లో ఉండే ఫ్లూటికాసోన్‌నే నోట్లోకి కొట్టుకుని, ఊపిరితో పీల్చకుండా మింగేస్తారు. లేదా నెబ్యులైజర్‌లో పోసే బుడెసొనైడ్ ద్రవాన్ని తేనె లాంటి చిక్కటి దాంట్లో కలిపి మింగుతారు. చిక్కగా ఉంటేనే గోడకి అంటుకుని నిదానంగా జారుతుంది. మింగాక అరగంట దాకా తిండీ నీళ్లూ బంద్, లేకపోతే పూత కడుక్కుపోతుంది. దాదాపు మూడింట రెండొంతుల మందిలో కణాలు తగ్గుతాయి. కొందరికి నోట్లో, అన్నవాహికలో తెల్లటి ఫంగస్ పూత వస్తుంది, అది మందుతో పోతుంది. ఇన్‌హేలర్‌ని మింగమంటే మెడికల్ షాపు కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నోట్లో కరిగే బుడెసొనైడ్ మాత్రకి యూరప్‌లో 2018లో, మింగే ద్రవానికి అమెరికాలో 2024 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. అంతకుముందంతా ఇలాంటి ఇంటి ఏర్పాటే.

ఇంకా మొండి కేసులకి డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. ఎగ్జిమాకి, ఆస్తమాకి వాడే మందే. అలర్జీ సంకేతాలని మధ్యలోనే ఆపేస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2022 మేలో దీన్ని 12 ఏళ్లు దాటినవాళ్లకి ఈఓఈ కోసం ఆమోదించింది, 2024 జనవరిలో ఏడాది వయసు పిల్లల దాకా విస్తరించింది. పనిచేస్తుంది, కానీ బాగా ఖరీదు.

ఇక పథ్యం. నా మటుకు నాకు ఈ జబ్బులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. 1995లో అమెరికాలో ఏ మందుకీ లొంగని 10 మంది పిల్లలకి మామూలు తిండి ఆపేసి, ప్రొటీన్లని పూర్తిగా విడగొట్టిన ప్రత్యేక ద్రవాహారం ఇచ్చారు. 8 మందికి లక్షణాలు పూర్తిగా పోయాయి, ఇద్దరికి బాగా తగ్గాయి. దోషి తిండిలోనే ఉందని అలా రుజువైంది. కానీ జీవితాంతం ఎవరు ఆ పౌడరు తాగి బతుకుతారు! అందుకని ఎక్కువగా దొరికే ఆరు దోషుల్ని మాత్రం మానిపించే పద్ధతి వచ్చింది. పాలు, గోధుమ, గుడ్లు, సోయా, పల్లీలతో సహా గింజలు పప్పులు అనే జీడిపప్పు బాదం జాతి, చేపలు రొయ్యలు. కంగారు పడకండి, కందిపప్పు, పెసరపప్పు ఈ జాబితాలో లేవు.

ఆరూ మానాలా అంటే, 2023లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన మంచి కబురు చెప్పింది. 129 మంది పెద్దవాళ్లలో కొందరు ఆరూ మానారు, కొందరు పాలు ఒక్కటే మానారు. 6 వారాలయ్యాక చూస్తే ఆరు మానినవాళ్లలో 40 శాతం మందికి, పాలు మానినవాళ్లలో 34 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. ఆ కాస్త తేడా గణాంకాల లెక్కలో తేడానే కాదన్నారు. కాబట్టి ముందు పాలతో మొదలుపెట్టడం తెలివైన పని.

పాలు ఒక్కటే కదా అనుకుంటున్నారా? తెలుగింట్లో అదే పెద్ద పరీక్ష. టీ, కాఫీ మానొచ్చు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం ఎలా? మజ్జిగ, వెన్న, పనీర్, చీజ్, కోవా స్వీట్లు అన్నీ పాలే. కాచిన నెయ్యిలో కూడా పాల ప్రొటీన్ ఆనవాళ్లుంటాయి, కాబట్టి పరీక్ష నడిచే వారాల్లో అదీ వద్దంటారు. గుళ్లో ప్రసాదం, బేకరీ బిస్కట్, హోటల్ గ్రేవీ, చివరికి ప్రొటీన్ షేక్ కూడా అనుమానించాల్సిందే. జిమ్ కుర్రాళ్లు వాడే వే ప్రొటీన్ పాల నుంచి తీసిందే.

గోధుమ మానాల్సి వస్తే మాత్రం మనం అదృష్టవంతులం. అన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి... ఉత్తరాది వాళ్లకి లేని సుఖం మనకుంది. అయితే బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా అన్నీ గోధుమే. ఇంకో దొంగ కూడా ఉన్నాడు, ఇంగువ. షాపులో దొరికే చాలా ఇంగువ డబ్బాల్లో కలిపేది గోధుమ పిండే. పులిహోరలో, సాంబారులో అదే వెళ్తుంది. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవాల్సిందే. సోయా అంటే మీల్‌మేకర్, ఫ్రైడ్‌రైస్‌లో వేసే సోయాసాస్. పల్లీలు మానితే ఇడ్లీలోకి కొబ్బరి చట్నీయో, అల్లం పచ్చడో.

సొంతంగా యూట్యూబ్ చూసి ఇవి మొదలుపెట్టకండి, పిల్లల విషయంలో అసలే వద్దు. డైటీషియన్ తోడు లేకుండా పాలు మానిస్తే కాల్షియం, ప్రొటీన్ తగ్గిపోతాయి. పైగా మానడం సగం పనే. మానాక మళ్లీ ఎండోస్కోపీ చేసి, తగ్గిందని చూసి, ఒక్కోటి తిరిగి కలుపుతూ ప్రతిసారీ చూసుకుంటూ పోవాలి. అప్పుడే అసలు దోషి దొరుకుతాడు. ఒక్క పాలే కారణమని తేలితే మిగతా ఐదూ హాయిగా తినొచ్చు.

మూడోది బెలూన్. మచ్చ కట్టి ఇరుకైన చోటకి ఎండోస్కోపీ ద్వారా బెలూన్ పంపి మెల్లగా ఉబ్బిస్తారు, లేదా సన్నం నుంచి లావు దాకా ఉన్న గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి దించుతారు. ఒకేసారి కాదు, కొన్ని విడతల్లో 15 నుంచి 18 మిల్లీమీటర్ల దాకా తెస్తారు. ఒకట్రెండు రోజులు ఛాతీనొప్పి మామూలే. గోడకి చిల్లు పడే ప్రమాదం వందలో ఒకటి కంటే తక్కువ. చేయించుకున్నవాళ్లకి వెంటనే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, ఎన్నో ఏళ్ల తర్వాత మటన్ ముక్క హాయిగా దిగుతుంది. సరిగ్గా అక్కడే మోసపోతారు. దారి వెడల్పయింది గానీ లోపల వాపు అలాగే ఉంది. మందో పథ్యమో పక్కన సాగకపోతే మళ్లీ ఇరుకవుతుంది.

ఆపేస్తే ఏమవుతుంది?

తిరిగొస్తుంది. చాలామందిలో మందు ఆపిన కొన్ని నెలల్లోనే కణాలు మళ్లీ చేరతాయి. బీపీ, షుగర్ లాగే దీన్నీ అదుపులో పెట్టుకోవాలి. క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారాల్లేవు, ఆయుష్షు తగ్గించదు. ఆ భయం వద్దు.

చికాకు పెట్టేది ఇంకొకటి. బాగున్నట్టు అనిపించడానికీ, లోపల బాగుండటానికీ సంబంధం అంత నమ్మదగ్గది కాదు. లక్షణాలు తగ్గినా కణాలు ఉండొచ్చు. అందుకే వైద్యం మొదలెట్టిన 8 నుంచి 12 వారాలకి మళ్లీ ఎండోస్కోపీ అంటారు. మందు మారిస్తే మళ్లీ, తిండి కలిపితే మళ్లీ. ప్రతిసారీ మత్తు, సెలవు, ఖర్చు. రోగులు మధ్యలో మానేసేది దీనికే.

ఈ బాధ తప్పించే ప్రయత్నాలు అమెరికాలో కొన్ని వచ్చాయి. ఒకటి దారం పరీక్ష. సన్నటి దారం చుట్టిన గొట్టంమాత్ర మింగిస్తారు, దారం కొస చెంప మీద అతికించి ఉంచుతారు. గంట తర్వాత దారాన్ని బయటికి లాగి, దానికి అంటుకున్న ద్రవంలో ఇసినోఫిల్స్ వదిలిన ప్రొటీన్లు కొలుస్తారు. మత్తు అక్కర్లేదు. మరొకటి దారానికి కట్టిన స్పాంజ్, మింగాక విచ్చుకుని, పైకి లాగేటప్పుడు గోడ మీది కణాల్ని తుడుచుకొస్తుంది. కొలరాడోలోని పిల్లల ఆస్పత్రిలో ఇంకో పద్ధతి పెట్టారు. సన్నటి కెమెరాని ముక్కులోంచి పంపుతారు, మత్తు ఇవ్వరు. ఆ కాసేపు పిల్లాడి కళ్లకి వీఆర్ గాగుల్స్ పెట్టి సినిమా చూపిస్తారు. బయాప్సీ అయిపోయాక పిల్లాడు లేచి నడుచుకుంటూ ఇంటికెళ్లిపోతాడు.